మిత్రుని బొక్కసము

యుద్ధమనగానే సామాన్యముగా మనస్సునకు తోచునవి సేనలు, ఫిరంగులు, విమానములు. చరిత్ర గ్రంథములు సైతము పెక్కింట సేనానాయకుల పేర్లను, గెలుపోటముల తేదీలను చెప్పి యూరకుండును. సేన తినవలెనన్నను, తొడుగవలెనన్నను, కాల్చవలెనన్నను ధనము కావలయును గదా యని విచారించువారు అరుదు. మన ప్రాచీనులు ఈ సంగతిని మరువలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజ్యమునకు ఏడంగములు చెప్పబడినవి. అవి రాజు, మంత్రి, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము. ఇందు సేనకంటె ముందుగా కోశము పేర్కొనబడినది. అన్నిటికిని కడపట మిత్రము నిలిచినది. కోశము వట్టిపోయిన వేళ మిత్రునివలన కలుగు మేలు ఎట్టిదో 1940వ సంవత్సరమున ఇంగ్లండు దేశము అనుభవపూర్వకముగా తెలిసికొనెను.

1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ పోలండుపై దండెత్తెను. రెండు దినముల తరువాత ఇంగ్లండును, ఫ్రాన్సును జర్మనీపై యుద్ధము ప్రకటించెను. 1940 జూను నాటికి ఫ్రాన్సు లొంగిపోయెను. డన్‌కర్కు రేవునుండి యుద్ధనౌకలే గాక విహారపు పడవలు, చేపలు పట్టువారి దోనెలు సైతము పోయి 3 లక్షల 38 వేలమంది సైనికులను సముద్రము దాటించి తెచ్చెను. కాని వారి ఫిరంగులు, బండ్లు, మందుగుండు సామగ్రి అధికభాగము ఫ్రాన్సులోనే మిగిలిపోయెను. ప్రాణములు దక్కినవి, ఆయుధములు దక్కలేదు. సెప్టెంబరు నెలనుండి లండను నగరముపై రాత్రివేళ బాంబులు కురియసాగెను. ఇంగ్లండులోని కర్మాగారములు రేయింబవళ్లు పనిచేసినను చాలలేదు. కావలసిన విమానములను, ఇనుమును, పెట్రోలును, ధాన్యమును విరివిగా అమ్మగల దేశము అట్లాంటికు మహాసముద్రమునకు ఆవలియొడ్డున నుండెను. అదియే అమెరికా సంయుక్త రాష్ట్రములు.

అమెరికా అప్పటికి యుద్ధమున చేరలేదు. ఇతరుల కలహములలో తలదూర్చరాదని 1935 మొదలు తటస్థతా శాసనములను కావించుకొని యుండెను. పోరాడు దేశములకు ఆయుధములు అమ్ముటపై గల నిషేధమును 1939 నవంబరులో సడలించెను గాని, అందుకు రెండు నియమములు పెట్టెను. కొనువారు రొక్కమీయవలెను; కొన్న సరకును తమ యోడలలో తామే తీసికొనిపోవలెను. అప్పు పెట్టుటకు వీలులేదు. మొదటి ప్రపంచయుద్ధమున తీసికొన్న బాకీలను చెల్లింపని దేశములకు అమెరికాలో ఎవ్వరును అప్పు ఈయరాదని 1934లోనే ఒక చట్టము పుట్టి యుండెను. ఇంగ్లండు ఆ బాకీదారులలో నొకటి. ఐరోపాలోని చిన్న దేశమగు ఫిన్లండు మాత్రము తన వాయిదాలను తప్పక చెల్లించుచు వచ్చి అమెరికనుల మెప్పు పొందెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఇంగ్లండు అప్పటికి గొప్ప సామ్రాజ్యము. అనేక ఖండములలో రాజ్యము చేయుచున్న ప్రభుత్వమునకు రొక్కము లేకుండుట యెట్లు? తనకు కావలసిన పౌనులను తానే అచ్చువేసికొనవచ్చును గదా!

ఈ చిక్కు తెలిసినగాని మిత్రుని సహాయమునకు గల విలువ బోధపడదు. ఒక ప్రభుత్వము తన దేశమునందలి కూలివానికి, రైతునకు, సైనికునకు తన నాణెముతోనే జీతము ఈయగలదు. పన్నులు పెంచి, ఋణపత్రములు అమ్మి ఆ ధనమును కూడబెట్టగలదు. కాని పరదేశపు వర్తకునకు ఆ నాణెముతో పనిలేదు. అతడు తన కూలివారికి డాలర్లలో కూలి ఈయవలెను గనుక డాలర్లనే అడుగును. లేదా ఎల్లరు అంగీకరించు బంగారమును అడుగును. ఆ డాలర్లు సంపాదింపవలెనన్నచో ఇంగ్లండు తన సరకులను అమెరికాకు అమ్మవలెను. బట్టలు, యంత్రములు, పింగాణి సామానులు చేసి పంపవలెను. యుద్ధకాలమున అవి చేయు పనివారు సైన్యములో చేరిరి. అవి చేయు కార్ఖానాలు తుపాకిగుండ్లు చేయుచుండెను. అవి మోయు ఓడలను జర్మను జలాంతర్గాములు ముంచుచుండెను. పంటకాలువ ఎండిపోయిన యేడే పెండ్లి ఖర్చు వచ్చిపడిన గృహస్థువలె, డాలర్లు ఎన్నడును లేనంతగా కావలసివచ్చిన కాలముననే వానిని ఆర్జించు శక్తి ఎన్నడును లేనంతగా సన్నగిల్లెను. పోరాడు దేశమునకు ఇది తప్పని గతి. ఎంత తీవ్రముగా పోరాడునో అంత త్వరగా పరదేశపు ధనము హరించిపోవును.

ఇంగ్లండు చేయగలిగినదెల్ల చేసెను. 1940 వేసవిలో బ్యాంకులలోని బంగారమును ఓడలకెక్కించి, శత్రువు దిగినను చేజిక్కకుండునట్లు కెనడాకు చేర్చెను. అమెరికను కంపెనీలలో ఇంగ్లీషు ప్రజలకు గల వాటాలను ప్రభుత్వము నిర్బంధముగా తీసికొని, వారికి పౌనులిచ్చి, ఆ వాటాలను అమెరికాలో డాలర్లకు అమ్మివేసెను. ఇట్లమ్మినవి 33 కోట్ల 50 లక్షల డాలర్లకు చేరెను. 1940 నవంబరు నాటికి ఇంగ్లండు 450 కోట్ల డాలర్లకు పైగా రొక్కముగా చెల్లించి యుండెను. మిగిలినది సుమారు 200 కోట్లు. అందును అధికభాగము వెంటనే అమ్మి సొమ్ము చేసికొనుటకు వీలుకాని ఆస్తి. ఇదివరకు అంగీకరించిన కొనుగోళ్లకే అది చాలదు.

1940 డిసెంబరులో ఇంగ్లండు ప్రధానమంత్రి విన్‌స్టన్ చర్చిల్ అమెరికా అధ్యక్షుడగు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టునకు సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. యుద్ధస్థితిని, ఓడల నష్టమును వివరించి, ఓడలకును ఇతర సామగ్రికిని రొక్కమీయలేని దినము సమీపించుచున్నదని దాచక తెలిపెను. రూజ్వెల్టు అప్పుడు యుద్ధనౌకపై కరిబియను సముద్రమున విశ్రాంతి తీసికొనుచుండెను. ఆ లేఖ అచ్చటనే అతనికి అందెను. దానిని పలుమారులు చదివి, కొన్ని దినములు ఆలోచించి, డిసెంబరు 17వ తేదీన పత్రికా విలేఖరుల యెదుట ఒక ఉపమానము చెప్పెను. పొరుగువాని ఇల్లు తగులబడుచున్నది. నాలుగైదు వందల అడుగుల దూరమున ఒకని యొద్ద తోటకు నీరుపెట్టు రబ్బరు గొట్టము కలదు. దాని వెల 15 డాలర్లు, ముందు ఆ సొమ్మిచ్చిన పిమ్మట గొట్టము తీసికొమ్మని ఎవడైనను బేరమాడునా? మంటలారిన తరువాత గొట్టమును తిరిగి ఇమ్మనును. చినిగినచో క్రొత్తది కొని యిమ్మనును. ఆ ఉపమానము సారాంశ మిదియే.

ఈ పోలిక జనులకు వెంటనే నచ్చెను. ఇందు నేర్పును కలదు, కొంత మాటుపెట్టుటయు కలదు. పేలిపోయిన ఫిరంగిగుండు తిరిగి రాదు. తినివేసిన మాంసము అసలే తిరిగి రాదు. శాసనసభలో దీనిని ఎదిరించినవారు ఈ లోపమును పట్టుకొనకపోలేదు. సెనేటు సభ్యుడగు రాబర్టు టాఫ్టు, యుద్ధసామగ్రిని అరువిచ్చుట చప్పరించు రబ్బరు మిఠాయిని అరువిచ్చుటవంటిదని, దానిని తిరిగి పుచ్చుకొనుట కెవరును ఇష్టపడరని హాస్యమాడెను. ఎదిరించిన వారందరు శత్రుపక్షపాతులు కారు. అరువుతో ఆరంభమైనది సైన్యమును పంపుటతో ముగియునని వారు భయపడిరి. పాత బాకీలు వసూలు కాలేదని కొందరు, అధ్యక్షునకు ఇంత యధికార మిచ్చుట ప్రజాప్రభుత్వమునకు తగదని కొందరు వాదించిరి. ఈ శంకలలో నిజము లేకపోలేదు. రెండు నెలల చర్చ జరిగిన పిమ్మట దిగువసభలో 260 ఓట్లకు 165 ఓట్లును, సెనేటులో 60 ఓట్లకు 31 ఓట్లును వచ్చి బిల్లు నెగ్గెను. 1941 మార్చి 11వ తేదీన రూజ్వెల్టు సంతకము చేసెను. దీనికే లెండ్‌లీజు శాసనమని పేరు. అనగా అరువుకును కౌలుకును ఇచ్చుట. ఏ దేశమును కాపాడుట అమెరికా రక్షణకు అవసరమని అధ్యక్షుడు తలచునో ఆ దేశమునకు సామగ్రిని అమ్మవచ్చును, అరువీయవచ్చును, కౌలునకీయవచ్చును, ఊరకనే యీయవచ్చును. వెంటనే 700 కోట్ల డాలర్లు మంజూరయ్యెను.

అమెరికా ఇట్లు చేయుట కేవలము దయవలన కాదు. ఇంగ్లండు పడిపోయినచో అట్లాంటికు సముద్రమంతయు శత్రువు చేతికి పోవును. తాను సిద్ధపడుటకు అమెరికాకు కాలము కావలసియుండెను. ఇంగ్లండు పోరాడిన ప్రతిదినమును ఆ కాలమును పెంచెను. అంతేకాదు. ఇంగ్లండు ముందే డాలర్లు పోసి ఇచ్చిన ఆర్డర్ల మూలమున అమెరికాలో విమాన కర్మాగారములు విస్తరించెను. తరువాత అమెరికను వైమానిక దళమునకు కీర్తి తెచ్చిన మస్టాంగు విమానము 1940లో ఇంగ్లండు కోరికపై రూపొందినదే. దానికి పిమ్మట అమర్చిన మెర్లిను యింజను ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ప్యాకార్డు కంపెనీవారిచే తయారైనది. 1941 డిసెంబరులో జపాను పెర్లు హార్బరుపై దాడిచేసి అమెరికాను యుద్ధమునకు లాగిన నాటికి ఆ దేశపు కార్ఖానాలు నిద్రపోవుచుండలేదు.

సహాయమనగా తుపాకులే యని తలంపరాదు. 1941 వేసవినుండి లెండ్‌లీజు క్రింద ఇంగ్లండునకు వచ్చిన ఓడలలో ఎండబెట్టిన గ్రుడ్ల పొడి, డబ్బాలలో మూసిన మాంసము, పాలపొడి, జున్ను, చిక్కుడుగింజలు ఉండెను. ఇంగ్లండు తన ఆహారమున సగమునకు పైగా పరదేశములనుండి తెప్పించుకొను దేశము. 1940 జనవరి 8వ తేదీనుండి అచ్చట వెన్న, పంచదార, పందిమాంసము రేషనులో పడెను. పచ్చిగ్రుడ్డు వారమునకు ఒకటి దొరకుట గగనమైన కాలమున, డజను గ్రుడ్లకు సమానమైన పొడిపొట్లము గృహిణుల చేతికి వచ్చెను. రుచి అంతంతమాత్రమే యని వారు గొణుగుకొనిరి గాని పిల్లలకు బలమైన ఆహారము దొరకెను.

ఇందలి కిటుకు గ్రహింపవలసినది. గ్రుడ్లను గుల్లలతో పంపినచో ఓడలో ఎక్కువ చోటు పట్టును, పగులును, చెడును. నీటిని తీసివేసి పొడిచేసినచో కొద్ది చోటులో ఎక్కువ ఆహారము ఇమిడిపోవును. జలాంతర్గాముల భయమున ఓడలో ప్రతియడుగును బంగారమువంటిదైన కాలమది. ఇంకొక సంగతి. బయటనుండి ఆహారము రానిచో దేశములోని లక్షలకొలది జనులను పొలములకు మరల్పవలసివచ్చును. బయటనుండి లారీలు రానిచో యుద్ధవిమానములు చేయు కార్ఖానాను లారీలకు మరల్పవలెను. మిత్రుడు పంపిన ప్రతి పదార్థమును ఒక మనిషిని వేరొక పనికి విడిపించును. ఇంగ్లండు 1944 నాటికి యుద్ధమునకు ముందు ఎగుమతి చేసిన సరకులో మూడవవంతు మాత్రమే ఎగుమతి చేయుచుండెను. సహాయమే లేకున్నచో ఇట్లు వ్యాపారమును వదలి పోరుటకు దానికి సాధ్యమే కాదు. ఆర్థిక సహాయము సైన్యమునకు నేరుగా తుపాకి నీయకున్నను దానిని పట్టుకొను చేతిని ఇచ్చునని చెప్పవచ్చును.

దీనికి ఇంకను పెద్ద యుదాహరణము రష్యాలో కనబడును. 1941 జూను 22వ తేదీన జర్మనీ సోవియట్ రష్యాపై పడెను. కొన్ని నెలలలోనే యుక్రెయిను ధాన్యభూములు, డోనెట్సు బొగ్గుగనులు శత్రువు వశమయ్యెను. 1,500కు పైగా కర్మాగారములను విప్పి, రైళ్లపై వేసికొని యూరలు పర్వతముల దిక్కునకును వాని ఆవలికిని తరలించిరి. అట్లు తరలించిన కార్ఖానాలలో టాంకులను, ఫిరంగులను విశేషముగా చేసిరి. మాస్కో యెదుట శత్రువును నిలిపినపుడును, స్టాలిన్‌గ్రాడులో చుట్టుముట్టినపుడును వారు వాడిన ఆయుధములు చాలవరకు వారివే. అయితే టాంకులు చేయుచున్న కార్ఖానాలు రైలింజనులు చేయజాలవు. యుద్ధకాలమున అచ్చట క్రొత్త యింజనుల తయారీ దాదాపు నిలిచిపోయెను. అమెరికా సుమారు 2,000 రైలింజనులను, 11,000 రైలుపెట్టెలను, సుమారు 4 లక్షల లారీలను, జీపులను, కోటిన్నర జతల బూట్లను, 45 లక్షల టన్నుల ఆహారమును పంపెను. విమానములకు కావలసిన అల్యూమినియము, మేలైన పెట్రోలు వేరుగా వచ్చెను. స్టూడిబేకరు లారీ పేరు రష్యను సైనికునికి చిరపరిచితమయ్యెను. యుద్ధపు కడపటి రెండేండ్లలో ఎఱ్ఱసైన్యము శత్రువును వందలకొలది మైళ్లు తరుముకొని పోగలుగుటకు ఈ లారీలే కాళ్లు. డబ్బా మాంసమే లేకున్నచో తమ సైన్యమునకు తిండి పెట్టుట కష్టమయ్యెడిదని నికిటా క్రుశ్చేవు పిమ్మట తన జ్ఞాపకములలో ఒప్పుకొనెను.

ఇది చెప్పునపుడు త్రాసు రెండవతట్టను కూడ చూడవలెను. ఆ యుద్ధమున సోవియట్ ప్రజలు సుమారు 2 కోట్ల 70 లక్షలమంది మరణించిరి. అమెరికా పంపినది ధనము, సామగ్రి. రష్యా ఇచ్చినది రక్తము. ఏది ఎక్కువ యను ప్రశ్నకు లెక్కల పుస్తకమున సమాధానము లేదు. సహాయమే యుద్ధమును గెలిచెననుటయు, సహాయము లేకున్నను గెలిచియుండెడివారమనుటయు రెండును గొప్పలు చెప్పుకొనుటయే.

సహాయమును ఇచ్చుట ఒక యెత్తు, దానిని చేర్చుట ఒక యెత్తు. రష్యాకు మూడు దారులు. ఉత్తరమున మంచుసముద్రము మీదుగా మర్మాన్స్కు, ఆర్కేంజిలు రేవులకు; దక్షిణమున పారసీక సింధుశాఖనుండి ఇరాను మీదుగా; తూర్పున పసిఫికు దాటి వ్లాడివోస్టాకునకు. మొదటిది దగ్గర గాని మిక్కిలి ప్రమాదకరము. 1942 జూలైలో పీ.క్యూ. 17 అను ఓడల గుంపులో బయలుదేరిన 35 సరకు ఓడలలో 24 మునిగిపోయెను. అందలి టాంకులు, విమానములు, లారీలు సముద్రగర్భమున చేరెను. ఆశ్చర్యమేమనగా సరకులో సగము మూడవ దారినే పోయెను. జపాను అమెరికాతో యుద్ధము చేయుచున్నను రష్యాతో చేయుటలేదు. అందుచేత రష్యా జెండా కట్టిన ఓడలు ఆయుధములు గాక ఆహారము, యంత్రములు మోసికొని జపాను ప్రక్కనుండియే పోవుచుండెను. మునుగు ఓడలకంటె కట్టు ఓడలు ఎక్కువ కావలెనని అమెరికా లిబర్టీ యను ఒకే నమూనాతో 2,700కు పైగా సరకు ఓడలను కట్టెను. చైనాకు పోవు బర్మా రోడ్డు 1942లో జపాను చేతికి చిక్కగా, అస్సామునుండి హిమాలయ శిఖరముల మీదుగా విమానములలో సామగ్రిని చేరవేసిరి. పెట్రోలు మోయు విమానము దారిలో తానే పెట్రోలు త్రాగును గదా! అయినను ఆ దారిని విడువలేదు.

సహాయమునకు వెల లేకపోలేదు. శాసనము చర్చలో నుండగనే ఇంగ్లండు తన యాస్తులను నిజముగా అమ్ముచున్నదని చూపవలెనని అమెరికా పట్టుబట్టెను. 1941 మార్చిలో అమెరికాలోని విస్కోసు కంపెనీని, ఇంగ్లీషు కోర్టాల్డ్సు వారిది, తక్కువ ధరకు అమ్మివేయవలసివచ్చెను. అరువు సరకువంటి సరకును ఎగుమతి చేయరాదని ఒక నియమము. 1942 ఫిబ్రవరిలో చేసికొన్న ఒడంబడికలో, యుద్ధానంతరమున వ్యాపారమున తనవారికి పక్షపాతము చూపు పద్ధతులను తొలగింపవలెనని ఇంకొకటి. ఇది ఇంగ్లండు సామ్రాజ్యమున అమలులోనున్న సుంకముల యేర్పాటుపై గురిపెట్టినది. ప్రాణము పోవుచున్నవాడు వైద్యుని షరతులను బేరమాడజాలడు. అయినను ఇచ్చిపుచ్చుకొనుట ఏకపక్షముగా జరుగలేదు. ఇంగ్లండు తన గడ్డపై విడిసిన అమెరికను సేనలకు విమానాశ్రయములు, నివాసములు, ఆహారము సమకూర్చెను. ఆస్ట్రేలియా, న్యూజిలండులు పసిఫికులోని సేనలను పోషించెను. ఇట్లు అమెరికాకు మరల ముట్టినది సుమారు 780 కోట్ల డాలర్లు. అమెరికా మొత్తముమీద ఇచ్చినది సుమారు 5,000 కోట్లు. అందు 3,100 కోట్లకు పైగా ఇంగ్లండునకును దాని సామ్రాజ్యమునకును, 1,100 కోట్లు రష్యాకును చేరెను.

ఇంగ్లండు యుద్ధమును మోసిన బుజములలో భారతదేశపు బుజము ఒకటి. ఆ సంగతి అమెరికను పుస్తకములలో అంతగా కానరాదు. 1939లో వైస్రాయి ఇచ్చటి నాయకులను సంప్రదింపకయే భారతదేశము యుద్ధమున నున్నదని ప్రకటించెను. కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసెను. అయినను 25 లక్షలమంది సైన్యమున చేరిరి. గుడ్డ, జనపనార, ఇనుము, తోలు, కలప ఓడలపై పోయెను. దేశపు ఎల్లలకు ఆవల జరుగు యుద్ధపు ఖర్చును ఇంగ్లండు భరింపవలెనని ఏర్పాటు. కాని రొక్కముగా కాదు. కొన్నదాని వెలను లండనులో రిజర్వు బ్యాంకు పేర పౌనులలో జమకట్టిరి. ఆ జమను ఆధారము చేసికొని ఇచ్చట రూపాయినోట్లు అచ్చువేసి రైతులకును, మిల్లులకును చెల్లించిరి. సరకు ఓడయెక్కెను, నోట్లు దేశములో మిగిలెను. సరకు తగ్గి నోట్లు పెరిగినపుడు ధరలు ఏమగునో చెప్పనక్కరలేదు. 1942లో జపాను బర్మాను ఆక్రమించుటతో అచ్చటి బియ్యము రాక నిలిచిపోయెను. ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడెను. కంట్రోలు బియ్యము, కంట్రోలు గుడ్డ యను మాటలు తెలుగువారి యిండ్లలో నానినది ఆ యుద్ధకాలముననే. వంగదేశమున 1943లో వచ్చిన కరవు తెలుగుదేశపు ఇక్కట్లతో పోల్చదగినది కాదు. విచారణ సంఘమువారే 15 లక్షలమంది మరణించిరనిరి. తరువాతి పరిశోధకులు 30 లక్షలని లెక్కకట్టిరి. ఆ కరవునకు తుపాను, బియ్యపు కొరత, ప్రభుత్వపు ఉపేక్ష మొదలైన కారణములు పెక్కులు కలవు. యుద్ధపు నోట్లచే పెరిగిన ధరలు అందొకటి.

యుద్ధము ముగియునప్పటికి లండనులో భారతదేశమునకు జమపడిన మొత్తము సుమారు 130 కోట్ల పౌనులు, అనగా 1,700 కోట్ల రూపాయలకు పైమాట. అంతవరకు ఇంగ్లండునకు బాకీపడియున్న దేశము ఇంగ్లండునకే అప్పిచ్చిన దేశమయ్యెను. ఆ బాకీలో కొంత మాఫీ చేయవలెనని ఇంగ్లండులో వాదన బయలుదేరెను. అర్ధాకలితో నున్న ప్రజలు కూడబెట్టిన సొమ్మును మాఫీ చేయుటకు భారతీయులు అంగీకరింపలేదు. స్వాతంత్ర్యానంతరము ఆ నిలువలతోనే యంత్రములను, ధాన్యమును కొని, రెండవ పంచవర్ష ప్రణాళికనాటికి వానిని చాలవరకు ఖర్చుచేసిరి. మిత్రదేశమునకు ఆర్థిక సహాయమను మాట ఇచ్చట సరిపడునా? ఇచ్చువాని సమ్మతి అడుగలేదు గనుక దీనిని సహాయమనుటకంటె బలవంతపు అప్పనుట న్యాయము. అమెరికా శాసనసభలో రెండు నెలలు చర్చ జరిగెను. భారతదేశమున ఒక్క ప్రకటనయే చాలెను. ధరలను అదుపుచేయుటకై అమెరికా భారతదేశమునకు సుమారు 22 కోట్ల ఔన్సుల వెండిని అరువిచ్చెను. స్వతంత్రభారతము తన వంతు వెండిని 1957లో తిరిగి యిచ్చివేసెను. రబ్బరు గొట్టము నిజముగా తిరిగి వచ్చిన సందర్భము లెండ్‌లీజు చరిత్రలో ఇట్టివి కొన్నియే.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయెను. కొద్దిదినములలోనే క్రొత్త అధ్యక్షుడగు ట్రూమను లెండ్‌లీజును నిలిపివేసెను. శాసనము యుద్ధమునకే గనుక చట్టప్రకారము అది సరియే. కాని గెలిచిన ఇంగ్లండునకు ఇది పిడుగుపాటయ్యెను. దాని ఎగుమతులు అణగియుండెను, ఓడలు మునిగియుండెను, పరదేశములలోని ఆస్తులు అమ్ముడుపోయి యుండెను, సేనలు ఇంకను నానాదేశములలో నుండెను. రేపటి రొట్టెకు గోధుమ కొనుటకు డాలర్లు లేవు. ప్రఖ్యాత ఆర్థికవేత్త జాన్ మేనార్డు కీన్సు అమెరికాకు పోయి ఉచితసాయము కోరెను. అప్పు మాత్రము దొరకెను. 1945 డిసెంబరు 6వ తేదీన వ్రాసికొన్న పత్రము ప్రకారము 375 కోట్ల డాలర్లు నూటికి రెండు వడ్డీకి, దారిలోనున్న అరువు సరకునకు మరి 65 కోట్లు. తీర్చుటకు 50 వాయిదాలు. యుద్ధకాలమంతయు రేషను లేని రొట్టె 1946 జూలైనుండి రెండేండ్లు రేషనులో పడెను. ఎవరు కోరినను పౌనునకు డాలరు ఈయవలెనను షరతును ఇంగ్లండు 1947 జూలై 15వ తేదీన అమలుపరచగా, డాలర్లు వెల్లువవలె బయటికి పోయి, అయిదు వారములలోనే దానిని రద్దుచేయవలసివచ్చెను.

ఈ యనుభవము చూచిన పిమ్మటనే అమెరికా 1948లో మార్షలు ప్రణాళికను చేపట్టి, ఐరోపా దేశములకు అధికభాగము తిరిగి చెల్లింపనక్కరలేని ధనముగా 1,300 కోట్ల డాలర్ల వరకు ఇచ్చెను. అందు పెద్దవంతు ఇంగ్లండునకే దక్కెను. కాని 1945నాటి ఋణపత్రము మాత్రము నిలిచియే యుండెను. 1951లో వాయిదాలు మొదలయ్యెను. చేతిలో డాలర్లు చాలని ఆరు సంవత్సరములు చెల్లింపును వాయిదావేసికొనిరి. పత్రముపై సంతకము చేసినవారును, దానిని విమర్శించినవారును గతించిరి, సామ్రాజ్యమే గతించెను. కడపటి వాయిదా, సుమారు 8 కోట్ల 30 లక్షల డాలర్లు, 2006 డిసెంబరు చివరి దినములలో అమెరికా ఖజానాకు చేరెను.